గడియారం ముందుకు తిప్పితే పొద్దు పెరుగుతుందా?

ఏటా మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో 1:59 తర్వాత 2 రాదు, నేరుగా 3 అయిపోతుంది. ఆ రోజు రెండున్నర అనే సమయమే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం దీనికి రివర్సు. 1:59 తర్వాత గడియారం వెనక్కి నడిచి మళ్లీ 1 చూపిస్తుంది, అంటే ఆ రాత్రి ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది. మార్చి నుంచి నవంబరు దాకా గంట ముందు నడిచే ఈ టైమును డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు, మనం వేసవి టైము అనుకుందాం. మిగతా నెలల్లోది చలికాలం టైము. ఫోన్లు వాటంతట అవే సర్దుకుంటాయి కాబట్టి ఇప్పుడెవరూ స్టూలెక్కి గోడ గడియారం ముల్లు తిప్పక్కర్లేదు, మహా అయితే కారులోదీ ఓవెన్ మీదదీ మిగులుతాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా వాళ్లతో పనిచేసేవాళ్లకు మాత్రం నాలుగు నెలల దినచర్యే మారిపోతుంది. న్యూయార్క్ ఉదయం 10 గంటల మీటింగు వేసవంతా మనకు రాత్రి ఏడున్నరకు, నవంబరు నుంచి ఎనిమిదిన్నరకు. అవతలివాళ్లకు అది ఎప్పుడూ పదే. భోజనం, క్యాబ్, పిల్లల్ని పడుకోబెట్టే టైము అన్నీ జరిగేది ఇక్కడ.

యూరప్ కూడా కలిస్తే ఇంకా తమాషా. వాళ్ల గడియారాలు మారేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. మార్చిలో అమెరికా కంటే రెండు మూడు వారాలు ఆలస్యం, చలికాలం ముందు ఒక వారం తొందర. ఆ వారాల్లో లండన్, న్యూయార్క్, హైదరాబాద్ మూడూ కలిసే మీటింగు పెట్టాలంటే ప్రాజెక్టు మేనేజరుకు చుక్కలు కనిపిస్తాయి.

ఇంత గొడవ ఎందుకు పడుతున్నారయ్యా అంటే వాళ్లు చెప్పే కారణం ఒకటే, పగటి వెలుగును వృథా పోనీకుండా వాడుకోవడం. నిజంగా అది జరుగుతోందా లేదా అన్నది చూసేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. గడియారం తిప్పినందువల్ల సూర్యుడు ఒక్క నిమిషం కూడా ఎక్కువసేపు ఉండడు. జరిగేదల్లా జనం ఒక గంట ముందు లేవడం. "రేపటి నుంచి అందరూ తొమ్మిదికి బదులు ఎనిమిదికే ఆఫీసుకు రండి" అంటే గొడవకొస్తారు. అదే ఎనిమిదిని తొమ్మిది అని పిలిస్తే మారుమాట్లాడకుండా వచ్చి కూర్చుంటారు. పొద్దున జనం దుప్పటి కప్పుకుని పడుకున్నప్పుడు కాసే ఒక గంట ఎండను తెచ్చి, వాళ్లు పనిమాని బయటికొచ్చే సాయంత్రానికి చేర్చడం, అంతే దీని మర్మం.

అలా తేవాలంటే పొద్దున పూట మిగులు వెలుగు ఉండాలి కదా. అది ఉందా లేదా అన్నది భూమ్మీద మీరెక్కడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, చిన్న పగలు 11 గంటలు. జూన్‌లో ఐదూ నలభైకి పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరూ నలభై ఐదు దాటాక. ఏడాదంతా కలిపి చూసినా తేడా గంట మీద కాసిని నిమిషాలే. మార్చడానికి ఇక్కడ సరుకే లేదు. డాలస్‌లో పెద్ద పగలు 14 గంటల 20 నిమిషాలు, చిన్నది 10 గంటలు. న్యూయార్క్‌లో 15, తొమ్మిదింపావు. లండన్‌కు వెళ్లేసరికి జూన్‌లో పదహారున్నర గంటలు దాటిపోతుంది, డిసెంబరులో 8 గంటలు కూడా ఉండదు. గడియారం మార్చకపోతే లండన్‌లో జూన్ నెలలో సూర్యుడు వచ్చేది తెల్లవారుజామున పావు తక్కువ నాలుగుకి. అప్పుడు ఆ ఎండతో పాలవాడికి తప్ప ఎవరికి పని? కాబట్టి ఆలోచన మరీ తలా తోకా లేనిదేం కాదు. ఇంకా పైకి, ఐస్‌లాండ్ దాకా పోతే మళ్లీ అనవసరం, అక్కడ జూన్‌లో రాత్రంతా వెలుగే కాబట్టి వాళ్లు ఏడాది పొడుగునా ఒకే టైము పెట్టుకున్నారు. మనలాంటి ఉష్ణ ప్రాంతాలకూ ధ్రువాలకూ నడుమ ఉన్న పట్టీలోనే దీనికి అర్థముంది.

మొదట ఈ ఊహ వచ్చినవాళ్లెవరో చూస్తే అసలు ఉద్దేశం బయటపడుతుంది. 1895లో న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అనే ఆయన రెండు గంటలు గడియారం జరపమని ప్రతిపాదించాడు. పోస్టాఫీసు ఉద్యోగి, పురుగులను సేకరించడం ఆయన పిచ్చి. డ్యూటీ దిగాక వెలుగుంటే పురుగులు పట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో విలియం విల్లెట్ ఇళ్లు కట్టే కాంట్రాక్టరు, తెల్లారి గుర్రమెక్కి షికారు పోతుంటే చక్కటి ఎండలో ఊరంతా కిటికీ తెరలు దించుకుని నిద్రపోవడం ఆయనకు కొరుకుడు పడలేదు, పైగా సాయంత్రాలు గోల్ఫ్ ఆడేవాడు. 1907లో సొంత డబ్బుతో ఓ కరపత్రం వేశాడు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు, వారానికి 20 నిమిషాల చొప్పున జరపాలట. ఒక్కసారిగా గంట దూకడం కంటే ఇదే నయమేమో అనిపిస్తుంది నాకు, కాకపోతే రైల్వే వాళ్లు ఒప్పుకునే పనేనా! పార్లమెంటు పట్టించుకోలేదు, 1915లో విల్లెట్ పోయాడు. ఆ మరుసటేడే, 1916 ఏప్రిల్ 30న, యుద్ధంలో బొగ్గు మిగుల్చుకోవడానికి జర్మనీ గడియారాలు ముందుకు తిప్పింది, సరిగ్గా మూడు వారాలకు బ్రిటన్ కూడా తిప్పింది, 1918లో అమెరికా.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కనిపెట్టాడనే మాట తరచూ వినిపిస్తుంది. ఆయన 1784లో పారిస్‌లో ఉండగా రాసింది ఒక వెటకారపు లేఖ, జనాన్ని లేపడానికి తెల్లారగానే వీధివీధినా ఫిరంగులు పేల్చమన్నాడు. గడియారం ఊసే అందులో లేదు. రైతుల కోసం పెట్టారన్నది ఇంకో మాట, అదైతే పూర్తిగా తలకిందులు. 1919లో అమెరికా రైతులు పట్టుబట్టి, అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా కాదనిపించి, దాన్ని రద్దు చేయించారు. వాళ్ల బాధ మన పల్లెల్లో ఎవరికైనా అర్థమవుతుంది. పొద్దున పడ్డ మంచు ఆరితేనేగాని గడ్డి కుప్ప వేయలేరు, మంచు ఆరేది ఎండను బట్టి, కూలీలు దిగేది గడియారాన్ని బట్టి. గంట పని నష్టం, కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

ఇక కరెంటు పొదుపు సంగతి. 1916లో ఇంట్లో కరెంటన్నా గ్యాసన్నా ముఖ్యంగా దీపాలకే, సాయంత్రం ఒక గంట దీపం ఆలస్యంగా వెలిగిస్తే బొగ్గు మిగలడం నిజం. ఇప్పటి లెక్క వేరు. ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు ఐదు ఉన్నాయనుకోండి. గంటసేపు ఆపితే మిగిలేది 45 వాట్-అవర్లు, యూనిట్లో ఇరవయ్యో వంతు కూడా కాదు. అదే గంటలో ఇంకా ఎండ దిగలేదని ఒకటిన్నర టన్నుల ఏసీ నడిస్తే యూనిట్ పైమాటే. అమెరికా 2007 నుంచి వేసవి టైమును నాలుగైదు వారాలు పొడిగించినప్పుడు అక్కడి ఇంధన శాఖే లెక్కలు తీసింది. ఆ పెంచిన వారాల్లో రోజుకు అర శాతం మిగిలిందట, ఏడాది మొత్తం వాడకంలో అది 0.03 శాతం. ఇండియానా రాష్ట్రం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ చాలా జిల్లాలు 2006 దాకా గడియారం మార్చేవి కావు, ఆ ఏడు అందరూ ఒకేసారి మొదలుపెట్టారు, దాంతో ముందూ వెనకా కరెంటు బిల్లులు పోల్చి చూసే వీలు పరిశోధకులకు దొరికింది. ఇళ్లలో వాడకం తగ్గడం అటుంచి సుమారు ఒక శాతం పెరిగింది. దీపాల మీద మిగిలిందాన్ని ఏసీ, చలి పొద్దుల్లో హీటరూ కలిసి మింగేశాయి.

అరిజోనా 1968 నుంచే ఈ జోలికి పోవడం మానేసింది. ఫీనిక్స్‌లో జూన్ సాయంత్రం ఏడూ నలభైకి పొద్దు గూకుతుంది, దాన్ని ఎనిమిదీ నలభైకి జరిపితే ఎవరికి లాభం? మే నెలలో బెజవాడ వాళ్లను పిలిచి "సాయంత్రం ఇంకో గంట ఎండ ఇస్తాం, తీసుకుంటారా" అని అడిగి చూడండి. వెలుగుంటే మంచిదే అనుకోవడం చల్లటి దేశాల వాళ్ల ఊహ. మనకు వేసవిలో వాడుకోదగ్గ వెలుగు ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది లోపు, ఆ తర్వాతది తప్పించుకోవాల్సింది.

పొదుపు లేకపోతే పోనీ, నష్టమేముంది అంటే, గంట దూకడంలో ఉంది. మన ఒంట్లో ఉండే గడియారం ఉదయం వెలుగు కంట పడటాన్ని బట్టి సరిచేసుకుంటుంది, ఫోన్లో అంకెను బట్టి కాదు. మార్చిలో ఒక్కసారిగా గంట ముందు, అదీ చీకట్లో, లేవాల్సి వస్తే కొన్ని రోజులు తడబడుతుంది. స్వీడన్ ఆసుపత్రుల లెక్కలతో 2008లో వచ్చిన పరిశీలనలో వసంతంలో గడియారం మార్చిన తర్వాతి వారం గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగినట్టు తేలింది. అమెరికాలో ఆ వారం ప్రాణాలు పోయే రోడ్డు ప్రమాదాలు 6 శాతం పెరుగుతున్నాయని 2020లో ఇంకొకటి వచ్చింది. వీటిని చూసి గోరంతను కొండంత చేసేవాళ్లూ ఉన్నారు. మిషిగన్‌లో చేసిన పరిశీలనలో మార్చిన సోమవారం గుండెపోట్లు 24 శాతం పెరిగాయి గానీ వారం మొత్తం కలిపితే మామూలుకంటే ఎక్కువేం లేవు, అంటే ఎలాగూ రాబోయేవి కాస్త ముందు వచ్చాయన్నమాట. సోమవారం 24 శాతం అన్న ముక్క ఒక్కటే వాట్సాప్‌లో తిరుగుతుంది, రెండో ముక్క తిరగదు.

దీనికి జనం చెప్పే పరిష్కారం, ఇక మార్చడం మానేసి వేసవి టైమునే ఏడాదంతా ఉంచేయమని. వినడానికి బాగుంటుంది. 2022 మార్చిలో అమెరికా సెనేట్ అదే బిల్లును ఒక్కరూ అడ్డు చెప్పకుండా ఆమోదించింది, ప్రతినిధుల సభలో మాత్రం ముందుకు కదల్లేదు. నాకు ఆశ్చర్యమేమిటంటే ఈ పని వాళ్లు ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నవాళ్లే. చమురు సంక్షోభం రోజుల్లో 1974 జనవరి 6 నుంచి ఏడాదంతా వేసవి టైమే అన్నారు. అంతకుముందు నెల 79 శాతం మంది భేష్ అన్నారు, ఫిబ్రవరి వచ్చేసరికి ఆ అంకె 42కి పడిపోయింది. ఎందుకంటే జనవరిలో చీకట్లో పిల్లలు టార్చిలైట్లు పట్టుకుని బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడాల్సి వచ్చింది, ఫ్లోరిడాలో బడికి పోయే పిల్లలు వాహనాల కింద పడి చనిపోయిన వార్తలొచ్చాయి. ఆ అక్టోబరుకే వెనక్కి తగ్గారు. బ్రిటన్ 1968 నుంచి 1971 దాకా చేసి మానుకుంది, స్కాట్లండ్‌లో డిసెంబరులో పదికి కాస్త ముందు తెల్లారుతుంటే ఎవరు ఊరుకుంటారు? రష్యా 2011లో పెట్టి 2014లో తీసేసి, చలికాలం టైమును శాశ్వతం చేసుకుంది. మూడు దేశాలు, మూడు కాలాలు, ఫలితం ఒకటే.

కారణం పెద్ద బ్రహ్మరహస్యమేం కాదు. వేసవిలో ఉదయం మిగులు ఉంది, దాన్ని సాయంత్రానికి జరపొచ్చు. చలికాలంలో న్యూయార్క్‌లో ఉన్నదే తొమ్మిదింపావు గంటల పగలు. పొట్టి దుప్పటి లాంటిది అది, తలకు లాగితే కాళ్లకు చాలదు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడటం దిగులుగా ఉంటుందని ఐదున్నరకు జరిపితే, జనవరిలో పొద్దు పొడిచేది ఎనిమిదిన్నరకు కాస్త ముందు. డెట్రాయిట్‌లాంటి చోట తొమ్మిదికి. ఆ ఊరు తన టైమ్ జోన్‌లో పడమటి చివర ఉంది, అక్కడ సూర్యుడు మామూలుగానే ఆలస్యం.

ఈ తూర్పు పడమర తగాదా యూరప్‌ను కూడా కట్టిపడేసింది. 2018లో అభిప్రాయాలు అడిగితే 46 లక్షల మంది రాశారు, 84 శాతం మంది మార్చడం ఆపేయమన్నారు. 2019లో యూరప్ పార్లమెంటు 410-192 ఓట్లతో సరేనంది, 2021కల్లా ఆపాలనుకుంది. అక్కడితో ఆగింది. ఏ టైము దగ్గర ఆపాలి? స్పెయిన్ భౌగోళికంగా లండన్‌కు సూటిగా కింద ఉన్నా 1940 నుంచి బెర్లిన్ టైము వాడుతోంది, అక్కడ వేసవి టైము శాశ్వతం చేస్తే జనవరిలో మాడ్రిడ్‌లో తొమ్మిదిన్నర దాటాక తెల్లారుతుంది. పోనీ చలికాలం టైము ఉంచుదామంటే, అదే జోన్ తూర్పు చివరనున్న వార్సాలో జూన్‌లో మూడుంబావుకే సూర్యుడు కిటికీలో ఉంటాడు. దేశానికో టైము పెట్టుకుంటే సరిహద్దు దాటి ఉద్యోగానికి పోయేవాళ్ల సంగతి? అందుకే అందరికీ నచ్చని పద్ధతే నడుస్తోంది.

మన దేశంలో ఉన్నది కూడా తూర్పు పడమర సమస్యే గాని రుతువులది కాదు. భారత ప్రామాణిక సమయం కట్టిన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకు దగ్గర్లో పోతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు కాబట్టి హైదరాబాద్ సూర్యుడు గడియారం కంటే సుమారు 16 నిమిషాలు వెనక, విశాఖ సూర్యుడు హైదరాబాద్ కంటే 19 నిమిషాలు ముందు. ఇది ఎవరూ పట్టించుకోరు. కానీ అస్సాం నుంచి గుజరాత్ చివరికి తేడా దాదాపు రెండు గంటలు, అందుకే అస్సాం తేయాకు తోటలు ఇప్పటికీ గంట ముందుండే సొంత టైము పాటిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 1945 దాకా మన గడియారాలు కూడా గంట ముందుకు తిప్పారు, యుద్ధం అయిపోగానే మానేశారు.

మనం చేసేది ఇంకోటుంది, అదే సరైనదని నా అభిప్రాయం. మార్చి మధ్యలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఎనిమిదికో ఇంకాస్త ముందో బడి తెరిచి పన్నెండున్నరకు పిల్లల్ని పంపేస్తారు. ఉపాధి హామీ పనులు, మేస్త్రీ పనులు అన్నీ పొద్దున్నే జరిగిపోతాయి. గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదు, టైంటేబుల్ మారింది అంతే. ఎవరికి అవసరమో వాళ్లకే మారింది, మిగతావాళ్ల నిద్ర చెడలేదు. దీనికి ఒక గట్టి ఎదురు వాదన ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బడి ఒక్కటే ముందుకు జరిగితే తల్లిదండ్రుల ఆఫీసు జరగదు, బస్సు జరగదు, బ్యాంకు జరగదు. ఒంటిపూట బడుల రోజుల్లో మధ్యాహ్నం పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలా అని తలపట్టుకునే ఉద్యోగస్తురాలైన ఏ తల్లినడిగినా చెబుతుంది. గడియారం తిప్పితే దేశం మొత్తం ఒకేసారి, ఒక్క సర్క్యులర్ కూడా లేకుండా కదులుతుంది. విల్లెట్ ఆలోచన నూరేళ్లు బతకడానికి కారణం అదే.

వెలుగును అనుసరించే అసలైన పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే రాహుకాలం లెక్క చూడండి, నమ్మకం సంగతి పక్కన పెట్టి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఎంతుంటే అంత తీసుకుని ఎనిమిది భాగాలు చేస్తారు, సోమవారమైతే రెండో భాగం. మనం నోటికి చెప్పే ఏడున్నర-తొమ్మిది అన్నది ఆరు నుంచి ఆరు దాకా పగలు అనుకుంటే వచ్చే అంకె. డాలస్‌లో జూన్‌లో పొద్దు పొడిచేది 6:20కి, పగలు 14 గంటల 20 నిమిషాలు, కాబట్టి సోమవారం రాహుకాలం సుమారు 8:05 నుంచి 9:55 దాకా. డిసెంబరులో 7:25కి పొద్దు, పగలు 10 గంటలు, అప్పుడది 8:40 నుంచి 9:55. రోజుకు కాస్త చొప్పున దానంతటదే జరుగుతుంది, గంట దూకుడు లేదు. అలాంటి సాగే గంటలతో రైళ్లు నడపలేం కాబట్టి ప్రపంచం వాటిని వదిలేసింది.

కాబట్టి పగటి వెలుగుకు ఇదే ఉత్తమమైన వాడకమా అంటే, కాదు. కరెంటు మిగలడం లేదు, ఒంటికి మంచిది కాదు, ఉన్న లాభమల్లా సాయంత్రపు సరదా, ఆ సరదా మీద బతికే వ్యాపారం. అది చిన్న విషయమని మాత్రం అననుగాక అనను. డాలస్ శివార్లలో ఆఫీసయ్యాక ఆరింటికి టెన్నిస్ బాల్ క్రికెట్ మొదలుపెట్టే మన కుర్రాళ్లకు పొద్దు ఎనిమిదిన్నరకు పోవడమంటే పూర్తి మ్యాచ్, ఏడున్నరకు పోతే సగం. 1986లో వేసవి టైమును ఇంకో నెల పొడిగించాలన్న చర్చ జరిగినప్పుడు అక్కడి గోల్ఫ్ వ్యాపారులు ఆ నెలతో తమకు 20 కోట్ల డాలర్లు అదనంగా వస్తాయని కాంగ్రెస్‌కు చెప్పుకున్నారు. పురుగులు పట్టే హడ్సన్ దగ్గర మొదలైన కోరికే అది, కాకపోతే పద్దు పుస్తకంలోకి ఎక్కింది.

నిద్ర మీద పనిచేసే వైద్యుల అమెరికన్ అకాడమీ 2020లోనే చలికాలం టైమును, అంటే అసలు టైమును, ఏడాదంతా ఉంచమంది. నా ఓటూ దానికే. అమెరికా చట్టంలో విచిత్రమేమిటంటే, ఏ రాష్ట్రమైనా ఆ పని చేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు, అరిజోనా, హవాయి చేసిందదే. శాశ్వతంగా వేసవి టైము కావాలంటే మాత్రం కాంగ్రెస్ అనుమతి కావాలి. 2018లో ఫ్లోరిడా మొదలుకొని దాదాపు 20 రాష్ట్రాలు ఆ అనుమతి వస్తే వేసవి టైములోనే ఉండిపోతామని తీర్మానాలు చేసి కూర్చున్నాయి. గంట దూకుడు ఒక్కటే వాళ్ల బాధయితే అరిజోనా దారి రేపటికి రేపే తెరిచి ఉంది. వాళ్లకు కావాల్సింది సాయంత్రం, అందుకని ఏటా రెండుసార్లు తిట్టుకుంటూ ముల్లు తిప్పుతూనే ఉన్నారు, ఇక్కడ మనం మీటింగులు మార్చుకుంటూనే ఉన్నాం.